చివరి పేరువాళ్ళ టీ

గొంతు దిగిన టీ కడుపులో ఎంతసేపు ఉంటుంది? ఈ ఒక్క సంగతి ఎవరైనా చెప్తే చాలు, ఆమెకి ఇంకేమీ అక్కర్లేదు. ఆపరేషన్ గది తలుపుకి ఎదురుగా ఇనుప బల్ల మీద, వెనక తాళ్ళు ఊడిపోయిన ఆకుపచ్చ గౌను తొడుక్కుని, అలవాటు చొప్పున ఒక పక్కనే బరువు వేసి కూర్చుని, మాస్కు లోపల తన ఊపిరిని తానే పీల్చి చూసుకుంటోంది. పాలు. పంచదార. ఛీ. తెల్లవారగానే ఫ్లాస్కు మూత నిండా పోసుకుని తాగిన టీ, తాగేటప్పుడు ఎంత హాయిగా దిగిందో, ఇప్పుడు రొమ్ము ఎముక వెనకాల అంత బరువుగా కూర్చుంది. ఆపరేషన్‌కి ముందు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదని ఆమెకి తెలీక కాదు. గోడ మీది బోర్డులో తన పేరు అన్నిటికన్నా కింద ఉంది కాబట్టి తాగింది. తీరా చూస్తే పై పేర్లు ఒక్కొక్కటీ రాలిపోయాయి. మొదటావిడకి ముక్కు పరీక్షలో జబ్బు బయటపడింది, రెండో ఆవిడకి ఎక్కించాల్సిన రక్తం దొరకలేదు, మూడో ఆవిడ భయపడి చెప్పాపెట్టకుండా ఇంటికి చెక్కేసింది. పెద్ద సిస్టరు వార్డు గుమ్మంలో నిలబడి, "గర్భసంచి కేసు, రా అమ్మా, నువ్వే ఫస్టు" అంది. పుట్టి బుద్ధెరిగాక దేనిలోనూ ఫస్టు రాని మనిషి, ఇవాళ వచ్చింది, టీ తాగి.

ఇంకాసేపట్లో మత్తు డాక్టరు వచ్చి అడుగుతాడు, ఏమైనా తిన్నారా, తాగారా అని. తాగానంటే వెనక్కి పంపేస్తారు. వెనక్కి అంటే రేపటికి కాదు. రేపటినుంచి ఈ గది మళ్ళీ మూసేస్తారట, ఊళ్ళో జ్వరాలు మళ్ళీ లేస్తున్నాయట, మంచాలన్నీ మళ్ళీ వాళ్ళకేనట. ఇందాక సిస్టర్లిద్దరూ మందుల బీరువా దగ్గర గుసగుసలాడుకుంటుంటే వింది. మళ్ళీ ఎప్పుడు తెరుస్తారో ఆ జబ్బునే అడగాలి. పోనీ, తాగలేదని చెప్తే? మొట్టమొదటిసారి ఆపరేషన్ తేదీ ఇచ్చినప్పుడు ఇదే మత్తు డాక్టరు, మాస్కుల్లేని ఆ రోజుల్లో, నిండు ముఖంతో వివరంగా చెప్పాడు. "కడుపు ఖాళీగా లేకపోతే మత్తులో అది పైకి తన్నుకొస్తుందమ్మా. వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అప్పుడిక ఆపరేషన్ ఎంత బాగా జరిగినా మనిషి ఉండరు." అది విని పక్కనున్న ఆయన, అంటే ఆమె మొగుడు, తలాడించి, "లిఫ్ట్ బాగానే ఉండి లోపలి మనిషి పోయినట్టన్నమాట" అన్నాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ప్రపంచంలో ఏ ముచ్చటైనా ఆయనకి లిఫ్ట్ దగ్గరే వచ్చి ఆగుతుంది.

వార్డులో ఈ టీ ఆచారం ఎవరు పెట్టారో ఎవరికీ తెలీదు. ఊరంతా మూసేసి మళ్ళీ తెరిచాక, అన్నాళ్ళూ ఆగిపోయిన ఆపరేషన్లన్నీ ఒక్కసారిగా వచ్చి ఈ ఆసుపత్రి మీద పడ్డాయి. ఉన్న గదుల్లో ఒకటి జ్వరాలవాళ్ళకి ఇచ్చేశారు, ఒకదాంట్లో గాలి మిషను చెడిపోయింది, మిగిలిన ఒక్కదానికీ రోజూ బోర్డు నిండా పేర్లు రాస్తారు, సగం కాకుండానే పొద్దుపోతుంది. కింద పేర్లవాళ్ళు ముందురోజు సాయంత్రం నుంచి నోరు కట్టుకుని, కళ్ళు తిరుగుతూ, పెదాలు పిడచకట్టుకుని పడి ఉంటే చివరికి పెద్ద సిస్టరు వచ్చి, "ఇవాళ్టికి లేదు, తినేయండమ్మా" అంటుంది. ఆ తినేయండిలో ఉన్న ఔదార్యం చూస్తే ఆమెకి తినబుద్ధి కూడా పుట్టదు. అందుకని వార్డు తనకి తానే ఒక చట్టం చేసుకుంది. చివరి పేరువాళ్ళు పొద్దున్నే టీ తాగొచ్చు. చివరికి ముందు పేరువాళ్ళు తాగొచ్చా అన్నది వాళ్ళ వాళ్ళ గుండె ధైర్యం. పక్క మంచం పెద్దావిడ, పొట్టలో కాయంత గడ్డతో ఎప్పటినుంచో ఈ ఆసుపత్రికి వస్తూ పోతూ ఉన్న మనిషి, ఈ చట్టానికి పెద్ద లాయరు. "తాగు తల్లీ. మాడిపోయి వెనక్కెళ్ళడం కన్నా తాగి వెనక్కెళ్ళడం నయం. చివరి పేరుని ఏనాడు పిలిచారు గనక? నిన్ను పిలిస్తే నా పేరు మార్చుకుంటా చూడు" అంది. పిలిచారు. పిలిచిన క్షణంలోనే ఆ పెద్దావిడ దుప్పటి ముఖం మీదికి లాక్కుని గోడవైపు తిరిగింది. కొత్త పేరు ఏది బావుంటుందో వెతుక్కుంటోంది కాబోలు.

నేల మీద ఎవరో విప్పి పారేసిన చేతి తొడుగు ఒకటి పడి ఉంది. వేళ్ళలో కాస్త గాలి మిగిలిపోయి, అడుక్కుంటున్న చెయ్యిలా పైకి తెరుచుకుని ఉంది. దాన్ని చూడకూడదనుకుంటే గోడ కనిపిస్తుంది. గోడకి, తల ఆనించి కూర్చున్న వాళ్ళందరి జిడ్డూ కలిసి, మనిషి ఎత్తున ఒక పొడుగాటి మరక. మరకలో ఎవరి తల ఎక్కడ ఆగిందో కూడా తెలుస్తోంది. ఆమె వీపు నిటారుగా పెట్టుకుంది. రోత. ఈ మాట ఆమెకి ఈ మధ్య ఊతపదం అయిపోయింది. ఫినాయిల్ రోత, ఈ గౌను మీద ఉతికినా పోని పసుపు మచ్చ రోత, లోపలినుంచి ఎవరో నవ్వుతున్నారు, ఆ నవ్వూ రోత. ఆపరేషన్ గదిలో నవ్వుకోకూడదని ఎక్కడా లేదు, నిజమే. నవ్వుకోనీ. తను పనిచేసే బేకరీలో తనూ నవ్వేది, రొట్టెలు కొయ్యడానికి వచ్చిన పిల్లకి కత్తి ఎలా పట్టుకోవాలో చూపిస్తూ, నిలబడి, పొద్దస్తమానం నిలబడి. కౌంటరు మనిషి కూర్చోకూడదని యజమాని పట్టుదల. కొనేవాళ్ళకి గౌరవం ఉండదట. ఆయన మాత్రం క్యాషు దగ్గర దిండేసుకుని కూర్చునేవాడు, గౌరవం ఆయన్ని చూసి ఏమీ అనుకునేది కాదేమో.

అక్కడే మొదలైంది, ఆ నిలబడటంలోనే. సాయంత్రమయ్యేసరికి తొడల మధ్య ఏదో దిగుతున్నట్టు, ఎవరో లోపలినుంచి ఒక గుడ్డమూటని వేలాడదీసినట్టు. కాన్పుల వల్ల ఇది చాలామందికి అవుతుందని డాక్టరమ్మ చెప్పింది, గర్భసంచిని పట్టి ఉంచే కండరాలు సాగిపోతాయి, సంచి జారి కిందికి వస్తుంది అని. బొమ్మ గీసి మరీ చూపించింది. ఆయన బొమ్మని తిప్పి తిప్పి చూసి, "ఓస్, కేబుల్ సాగిందంతే. బిగిస్తే సరి" అన్నాడు. డాక్టరమ్మ కూడా నవ్వింది, దాదాపు అంతేనంది. దాదాపు అంతే అయిన ఆ పనికి తేదీ కూడా ఇచ్చింది. తేదీ వచ్చేలోపల జబ్బు వచ్చింది, ప్రపంచమంతటికీ, ఒకేసారి. ఆసుపత్రికి ఫోన్ చేస్తే ఒక గొంతు ఎంతో మర్యాదగా, "మీది ఎలెక్టివ్ అండి, అవన్నీ ఆపేశాం" అంది. ఎలెక్టివ్. డిగ్రీలో ఆమెకి ఎలెక్టివులుండేవి. ఇష్టమైతే తీసుకో, లేకపోతే మానెయ్. గర్భసంచి జారడం ఆమె ఏ దరఖాస్తులోనూ కోరుకున్నట్టు గుర్తులేదు. "ప్రాణాపాయం ఏమైనా ఉందా అండి?" అని అడిగింది ఆ గొంతు. లేదు. ప్రాణం నిక్షేపంలా ఉంది, దానికేం, అది ఎక్కడికీ జారదు. "అయితే మేమే పిలుస్తామండి" అంది గొంతు.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళ గౌరవార్థం అందరూ బాల్కనీల్లోకి వచ్చి చప్పట్లు కొట్టాలన్నారు. ఆమె కూడా వెళ్ళింది. ఎదురింటాయన పళ్ళెం మీద గరిటెతో వాయించాడు, కింది ఇంటి పిల్లలు ఈలలు వేశారు, ఆమె మొగుడు రెంచితో రెయిలింగు మీద కొట్టాడు. ఆమె మనసారా కొట్టింది, కళ్ళు కూడా చెమర్చాయి, నిజంగానే. ఆసుపత్రులవాళ్ళు చచ్చి బతుకుతున్నారు, అది ఎవరు కాదంటారు. కాకపోతే చప్పట్లు గట్టిగా కొట్టినకొద్దీ కిందనుంచి అది కాస్త కాస్తగా దిగుతూ, ఆఖరికి పూర్తిగా బయటికి వచ్చేసింది. అందరూ ఇంకా కొడుతూనే ఉన్నారు. ఆమె చేతులు ఆపి, మోకాళ్ళు దగ్గరికి చేర్చుకుని, చిరునవ్వు చెదరకుండా నడుచుకుంటూ బాత్రూముకి వెళ్ళి, తలుపు గడియ వేసుకుని, వేళ్ళతో లోపలికి నెట్టుకుంది. తడిగా, వెచ్చగా, తనదే, తనది కానట్టు. చేతులు సబ్బుతో రుద్దుకుంటుంటే బయట చప్పట్లు ఇంకా వినిపిస్తున్నాయి. అప్పటికి సబ్బుతో ఎంతసేపు కడుక్కోవాలో ప్రభుత్వమే నేర్పి ఉంది, ఆ లోటు లేదు.

తలుపు తెరుచుకుంది. మత్తు డాక్టరేమోనని ఆమె గుండె జారింది. కాదు, ఎవరో సిస్టరు, ట్రే పట్టుకుని. "బీపీ చూశారా అమ్మా?" చూశారు. "నెయిల్ పాలిష్ లేదుగా?" లేదు. "నగలు?" లేవు. ఇవన్నీ అడుగుతుంటే ఆమెకి ఆశ పుట్టింది, అసలు ప్రశ్న ఈ సిస్టరే అడిగేస్తే బావుండు, చిన్నవాళ్ళతో అబద్ధమాడటం తేలిక. సిస్టరు అడగలేదు. చేతికి ఒక పట్టీ కట్టి, దానిమీద పెన్నుతో ఏదో రాసి వెళ్ళిపోయింది. కారిడారు చివర అద్దం తలుపు అవతల ఆయన నిలబడి ఉన్నాడు, లోపలికి రానివ్వరు. చెయ్యెత్తి బొటనవేలు చూపించాడు. ఆమె చూపించలేదు. టీ తెచ్చింది ఆయనే కదా. ఫ్లాస్కు, గుడ్డలో చుట్టి, వార్డు కిటికీలోంచి అందించాడు. "ఎలాగూ పిలవరుగా, తాగు" అన్నది ఆయనా, పెద్దావిడా, తనూ, ముగ్గురూ కలిసే. ఆయనకి తెలుసు ఆమె తాగిందని. అయినా బొటనవేలు చూపిస్తున్నాడంటే ఏమిటి అర్థం? మరిచిపోయాడా, లేక చెప్పకు అంటున్నాడా? ఆ వేలు అంత దూరంనుంచి కూడా నల్లగా గ్రీజు పట్టి కనిపిస్తోంది. ఆసుపత్రి లిఫ్ట్ ఆగిపోయిందట, ఊరికే కూర్చోలేక దాని మీద చెయ్యి వేసినట్టున్నాడు. ఒక్కోసారి ఆమెకి ఆ లిఫ్టుల మీద అసూయ కలుగుతుంది. ఆగిపోతే ఎవడో ఒకడు ఆగలేక చెయ్యి వేస్తాడు.

ఆపరేషన్ అయ్యేదాకా సర్దుకోవడానికని ఆ చప్పట్ల మర్నాడే, ఓపీ ఇంకా మూయకముందు, డాక్టరమ్మ ఒక రబ్బరు ఉంగరం లోపల పెట్టింది. గాజుకన్నా చిన్నది, బిగుతుగా ఉంటుంది, సంచిని పైకి పట్టి ఉంచుతుంది. "కొన్ని నెలలకోసారి వచ్చి తీయించి శుభ్రం చేయించుకోవాలి, మరిచిపోకండి" అంది. ఆమె మరిచిపోలేదు. ఓపీనే మూసేశారు. గేటు దగ్గర కాపలావాడు కర్ర అడ్డం పెట్టి, "జ్వరముందా? దగ్గుందా?" అన్నాడు. రెండూ లేవంది. "మరెందుకొచ్చావ్?" అన్నాడు, నిజంగా అర్థంకాక. చుట్టూ మగవాళ్ళు, దూరదూరంగా గీసిన గుండ్రాల్లో నిలబడి. ఉంగరం అని అనలేక, రబ్బరు అని అనలేక, తిరిగొచ్చేసింది. పక్కవీధి ప్రైవేటు ఆసుపత్రిలో అడిగితే, ముందు జబ్బు పరీక్ష చేయించుకుని, ఒక రోజు ఉండి వెళ్ళమన్నారు. ఆ రోజుకయ్యే ఖర్చు విని ఆయన నోట లిఫ్ట్ ఊసు కూడా రాలేదు. సరే, ఇవాళ కాకపోతే రేపు తెరుస్తారు. రేపు కాకపోతే. ఉంగరం లోపలే ఉండిపోయింది, లోపల ఒరుసుకుని పుండు చేసింది, పుండు చీము పట్టింది, వాసన మొదలైంది.

ఆ వాసన తన ఒంట్లోంచి వస్తోందని ఆమెకి చాలాసేపటిదాకా తట్టలేదు. బేకరీ తెరుచుకున్న కొత్త, అందరూ మాస్కుల్లో, కొనేవాళ్ళు గుమ్మం బయటనుంచే వేలుపెట్టి చూపిస్తున్నారు. యజమాని మాస్కు కిందికి దించి, ముక్కు ఎగబీల్చి, "ఎక్కడో ఎలక చచ్చింది" అన్నాడు. ఇక వెతుకులాట. పొయ్యి వెనక, పిండి బస్తాల సందుల్లో, డబ్బాల అరల కింద. రొట్టెలు కోసే పిల్ల కుర్చీ ఎక్కి అటక చూసింది. ఆమె కూడా టార్చి పట్టుకుని వంగింది, వంగగానే వాసన గుప్పుమంది, గుప్పుమన్నది ఎక్కడినుంచో అప్పుడు తెలిసింది. లేచి నిలబడింది. "నీ వైపే ఎక్కువొస్తోందమ్మా, ఆ కేకు డబ్బాల వెనక సరిగ్గా చూడు" అన్నాడు యజమాని. చూసింది. ఏం చేస్తుంది? లేని ఎలకని, డబ్బాలన్నీ ఒక్కొక్కటీ తీసి, తుడిచి, మళ్ళీ సర్దుతూ, శ్రద్ధగా వెతికింది. "ఇక్కడేం లేదండి" అంది. "ఉంటుంది, ఉంటుంది. చచ్చిందెక్కడికి పోతుంది" అన్నాడాయన. మర్నాడు మూలమూలా ఎలకల మందు బిళ్ళలు పెట్టించాడు. ఆమె వెనిల్లా ఎసెన్సు సీసాలోంచి రెండు చుక్కలు దొంగిలించి లోపలి బట్టల మీద చల్లుకుంది. వెనిల్లా, చీము కలిస్తే వచ్చే వాసనకి ఇంకా ఎవరూ పేరు పెట్టలేదు. ఆ రోజునుంచి ఇవాళ్టిదాకా కేకు ముక్క నోట్లో పెట్టలేదు. ఇంటికొచ్చి, అన్నం ముందు కూర్చున్న ఆయనతో, "బేకరీలో చచ్చిన ఎలకని నేనే" అంది. ఆయన నవ్వుతాడనుకుంది. ఆయన కంచం పక్కకి జరిపి చెయ్యి కడుక్కున్నాడు. రాత్రి పడుకోబోతూ కిటికీ రెక్కలు బార్లా తెరిచి, "అబ్బ, ఎంత ఉక్కగా ఉందో" అన్నాడు. బయట వణికించే చలి. దుప్పటి మీద దుప్పటి కప్పుకుని, ఉక్కగా ఉందంటూ, పక్కనే పడుకున్నాడు. అసహ్యించుకుని ఉంటే పోట్లాడేది. ఆ మంచితనాన్ని ఏం చెయ్యాలో ఆమెకి ఇప్పటికీ తెలీదు.

చివరికి ఉంగరం తీసింది ఒక కుర్ర డాక్టరమ్మ, జ్వరాల వార్డు వెనకమెట్ల దగ్గర, ఒక స్టోరు గదిలో. నిలువెల్లా ప్లాస్టిక్ తొడుగు, రెండు మాస్కులు, కళ్ళకి అద్దాలు, వాటిమీద మళ్ళీ ఒక అద్దం. అన్ని పొరల వెనకనుంచి కూడా ఆ పిల్ల ముఖం పక్కకి తిప్పుకుంది. తిప్పుకుని, వెంటనే సిగ్గుపడి, మళ్ళీ ఇటు తిరిగి, "సారీ ఆంటీ" అంది. ఆ సారీకి మాత్రం ఆమె బతికున్నంత కాలం రుణపడి ఉంటుంది. ఆ తర్వాత ముఖం తిప్పుకున్నవాళ్ళెవరూ సారీ చెప్పలేదు. రెండోసారి తేదీ ఇచ్చి, చేర్చుకుని, ముక్కులో పుల్ల గుచ్చి, తుమ్మైనా తుమ్మని మనిషికి జబ్బు ఉందని తేల్చి, నలుగురు నాలుగు దిక్కులకి తప్పుకుంటూ గేటు దాకా దారి ఇచ్చినప్పుడు ఆమె కూర్చున్న కుర్చీ మీద ఆమె లేవకముందే మందు కొట్టారు. వీధిలోకి ఆ కబురు ఆమెకన్నా ముందే చేరింది. తోటికోడలు ఫోన్ చేసి, "మరేం ఫరవాలేదు అక్కా, ఎలాగూ అది ప్రాణం మీదికొచ్చేది కాదుగా. కిందికి దిగితే కాస్త లోపలికి నెట్టుకుంటూ ఉండు" అంది. నెట్టుకుంటూనే ఉంది. ఇన్నాళ్ళూ చేస్తున్నది అదే. నడిస్తే, తుమ్మితే, బకెట్టు ఎత్తితే, నవ్వితే. అందుకే నవ్వు తెప్పించే మాటలన్నీ ఈ మధ్య బయటికి అనకుండా లోపలే ఉంచుకుంటోంది.

ఇప్పుడు ఏం చెప్పాలి? చచ్చిపోతే ఏమవుతుంది, ఏముంది, తాగి దాచింది, తన తప్పే అంటారు, అదీ నిజమే. ఆయన టీ ఫ్లాస్కుని జీవితాంతం చూడలేడు. చెప్తే, ఆ గది మూస్తారు, ఆమె నడుచుకుంటూ ఇంటికెళ్తుంది, మళ్ళీ ఉంగరం, మళ్ళీ పుండు, మళ్ళీ ఎలక. చావుకీ ఎలకకీ మధ్య ఎంచుకోవాలి. ఇదిగో, ఇన్నాళ్ళకి ఎలెక్టివ్ అంటే ఏమిటో తెలిసింది. మాస్కు ఉంది కదా, వాసన తెలీదు కదా, టీ తాగి అప్పుడే ఎంతసేపో అయింది కదా, కడుపు అంతసేపు దాచుకుంటుందా ఒక మూతెడు టీని? దాచుకుంటుందేమో. ఆమె ఒంట్లో ఏదీ ఉండాల్సిన చోట ఉండదు, పోవాల్సినది పోదు.

మత్తు డాక్టరు వచ్చాడు. కళ్ళ కింద మాస్కు ఒత్తుకున్న గాట్లు, జుట్టు నెరిసిపోయింది, మొదటిసారి చూసినప్పుడు నెరవలేదు. వెనకే పెద్ద సిస్టరు. రెండు మూరల దూరంలో ఆగి, కాగితాల్లోకి చూస్తూనే మొదలుపెట్టాడు. "ఏమైనా తిన్నారా?"

"లేదండి."

"నీళ్ళు, టీ, పాలు?"

"లేదండి."

గర్భసంచి కూడా ఇంత తేలిగ్గా జారలేదు. అతను టిక్కు పెట్టాడు, అంతే, అయిపోయింది. తనకి ఏమీ అనిపించలేదు, అదే ఆమెకి చిత్రంగా ఉంది, మాట నాలుక మీద కాస్త తడబడనన్నా లేదు. అప్పుడు అతను, "మాస్కు తీసి నోరు పెద్దగా తెరవండి, గొంతు చూడాలి" అన్నాడు. ఈ సంగతి ఆమె లెక్కలో లేదు. మాస్కు దించింది, తెరిచింది. వాసన, ఇప్పుడు తెలిసిపోతుంది, పాలు, పంచదార, తెలిసిపోనీ, తెలిసిపోతే తను చెప్పనక్కర్లేదు. అతను టార్చి వెలిగించి, ఊపిరి బిగబట్టి, మెడ వెనక్కి వంచి, అక్కణ్ణుంచే వెలుతురు ఒకసారి విసిరాడు. అంతే. ముఖం పక్కకి తిప్పుకుని, "చాలు, మూసేయండి" అన్నాడు. రెండు మూరల దూరంనుంచి! ఒక మనిషి ప్రాణం ఈయన చేతిలో పెట్టి పడుకోవాలి, ఆయనేమో ఆమె నోటిముందు ఊపిరి తీసుకోవడానికి జంకుతున్నాడు. ఆమెకి భయమూ వెయ్యలేదు, పశ్చాత్తాపమూ కలగలేదు. కలిగింది ఒకటే, కడుపులోంచి, టీకన్నా కిందినుంచి, పుండు ఉన్న చోటునుంచి లేచిన ఏవగింపు. ఈ దూరం మీద, ఈ టిక్కు మీద, అది పనికొస్తుందని ఆశపడిన తన మీద.

"అంత దూరంనుంచి మీకేం తెలుస్తుందండీ?" అంది. "టీ తాగాను నేను."

సిస్టరు "అయ్యో" అంది. మత్తు డాక్టరు కాగితాలు దించాడు. "ఇప్పుడేగా లేదన్నావు? మతుండే మాట్లాడుతున్నావా? చదువుకున్నదానిలా ఉన్నావే, తాగకూడదని చెప్పలేదూ?"

"చెప్పారు."

"మరెందుకు తాగావు?"

"పిలుస్తారని అనుకోలేదండి."

"బోర్డు మీద పేరుంటే పిలవమా?" అన్నాడు గట్టిగా. అతను సిస్టరు వైపు తిరిగాడు, ఆవిడ నేల చూస్తోంది. బోర్డు వైపు తిరిగాడు. ఎవరూ ఏమీ అనకపోయేసరికి, ఆ ప్రశ్న అక్కడక్కడే తిరిగి, అడిగినవాడి దగ్గరికే వచ్చి ఆగింది. అతను గోడకి భుజం ఆనించాడు, సరిగ్గా ఆ జిడ్డు మరక మీదే. "ఎప్పుడు?" అన్నాడు, ఈసారి గొంతు తగ్గించి.

"తెల్లారగానే."

"పాలతోనా?"

"పాలతోనే."

"ఎంత?"

"ఫ్లాస్కు మూతెడు."

"నిజం చెప్పు."

"ఇంకో సగం మూత."

అతని కళ్ళ చుట్టూ గాట్లు ఒక్కసారి కదిలాయి. నవ్వో, ఏడుపో, మాస్కుల కాలంలో ఎవరికి తెలుస్తుంది. "ఈ వార్డులో చివరి పేరువాళ్ళందరూ తాగుతారని నాకు తెలుసమ్మా" అన్నాడు. "నా ముందు ఒప్పుకున్నది నువ్వొక్కదానివే." కాసేపు ఏదో లెక్కపెట్టుకున్నట్టు ఆగి, మళ్ళీ మీరులోకి వచ్చాడు. "మధ్యాహ్నం దాటాలి. ఆలోగా ఏ కాన్పు కేసైనా అడ్డం వచ్చిందంటే గది దానికే. సర్జనమ్మ ఉంటుందో లేదో కూడా తెలీదు. మాటివ్వలేను. వార్డుకెళ్ళి పడుకోండి, పిలుస్తాం."

పిలుస్తాం. ఆ మాట మొదటి ఫోన్‌లో విన్నది, కుర్చీ మీద మందు కొడుతుంటే విన్నది. అది విన్నప్పుడల్లా ఆమె నమస్కారం పెట్టి, ఇంట్లో కూర్చుంది. "పిలవక్కర్లేదండి," అంది. "ఇక్కడే ఉంటాను."

"ఇక్కడ కూర్చోకూడదమ్మా, రూలు" అంది సిస్టరు. "గౌను కూడా మార్చాలి, ఇంకోళ్ళకి కావాలి."

"వాళ్ళొచ్చినప్పుడు మారుస్తాను."

సిస్టరు డాక్టరు వైపు చూసింది. డాక్టరు తలుపు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాడు. సిస్టరు ఇంకో నిమిషం నిలబడి, చేతులు పిసుక్కుని, తనూ వెళ్ళింది. కారిడారు ఖాళీ అయింది. ఎక్కడో ఒక ఆడమనిషి నొప్పులకి మూలుగుతోంది, లోపలికి తెస్తున్నారో, ఇంకో అంతస్తుకి తీసుకెళ్తున్నారో తెలీదు. ఆమె చెవులు రిక్కించి వింది. ఆ మూలుగు దూరమవాలని కోరుకుంది, కోరుకున్నందుకు నోరు చేదెక్కింది, అయినా కోరుకుంది. అటు చివరినుంచి తుడిచే మనిషి వస్తోంది, నల్లటి నీళ్ళ బకెట్టు ఈడ్చుకుంటూ, నడుం మీద చెయ్యి వేసుకుని. బల్ల దగ్గరికొచ్చి ఆగింది.

"లెగమ్మా, ఇక్కడంతా తుడవాలి."

"లెగను."

ఆ మనిషి ఆమె ముఖం చూసింది, గౌను చూసింది, మూసి ఉన్న తలుపు చూసింది. "అయితే కాళ్ళెత్తు" అంది. ఆమె రెండు కాళ్ళూ ఎత్తి పట్టుకుంది. తడి తుడుపుకర్ర కిందినుంచి ఇటొకసారి, అటొకసారి వెళ్ళింది. "దించు" అంటే దించింది, ఉన్న చోటే, తడి మీద. తుడిచే మనిషి బల్లని చుట్టి, గోడని చుట్టి, ఆమెని చుట్టి తుడుచుకుంటూ ముందుకి పోయింది.